ఎఱుకువారికి నేను రాసిన అర్థం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో వాళ్లంటారు. సంతోషం కూడా అక్కడే ఉంటుందని ఎవరూ అనరు గానీ, అదీ నిజమే. పోయిన ఏడు ఒక రోజు ఈ రెండూ ఒకే జవాబు పత్రం మీద, ఓ గంట తేడాతో నన్ను పట్టుకున్నాయి. ఇప్పటికీ తల్చుకుంటే కాళ్లు నేల మీద ఆనవు.

పినపాక దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో నేను తెలుగు చెప్తాను. మా సొంతూరు వేంసూరు వైపు. నా మాట తీరు విని, "మీరు ఆంధ్రోళ్లా మేడం?" అని ప్రతి కొత్త బ్యాచ్ పిల్లలూ ఒకసారి అడుగుతారు. "కాదే, మీ జిల్లాకి పక్కింటిదాన్నే" అంటాను. క్లాసులో సగం మంది అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో కోయ మాట్లాడతారు, బయట తెలంగాణ తెలుగు మాట్లాడతారు, పరీక్షలో గైడ్ తెలుగు రాస్తారు. మూడు భాషల పిల్లలు. నాకున్నది ఒకటే, దానికే జీతం తీసుకుంటున్నాను.

సిలబస్‌లో ఒక పాత కావ్యం నుంచి వేట ఘట్టం ఉంది. రాజు అడవి పందిని తరుముతూ పోయి పరివారానికి దూరమవుతాడు. పంది దొరకదు, దారీ దొరకదు. అప్పుడు అడవిలో వేటాడుకునే మనుషులు కొందరు ఎదురవుతారు. రాజు గుర్రం దిగి వాళ్లని దారి అడుగుతాడు. వాళ్లు తేనె ఇచ్చి, సేద తీర్చి, పొద్దు గుంకేలోపు అడవి దాటిస్తారు. ఆ మనుషుల్ని కవి "ఎఱుకువారు" అన్నాడు. ఇప్పుడున్న ఏ కులంతోనూ ఆ మాటకి సంబంధం పెట్టకండి. పాత పద్యాల్లో వేటాడి బతికే అడవివాళ్లందరికీ ఆ పేరే వాడేవారు.

స్లిప్ టెస్టులో ఆ పద్యానికి ప్రతిపదార్థం అడిగాను. ఒకమ్మాయి, "ఎఱుకువారు = ఎరుక ఉన్నవారు, అడవిని ఎరిగినవారు" అని రాసింది. ఆ అమ్మాయి మా కాలేజీలో పద్యం పాడటంలో అందరికన్నా ముందుంటుంది. గొంతెత్తితే వంటగదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది. అలాంటి పిల్ల ఇలా ఊహించి రాసిందేమిటని చిర్రెత్తుకొచ్చింది. ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన "కిరాతకులు" అని దిద్ది, పక్కన "తెలియకపోతే ఊహించి రాయకు" అని కూడా రాశాను. గైడ్‌లో అలాగే ఉంది. నేను చదువుకున్నప్పుడూ అలాగే ఉంది. పదిహేనేళ్లుగా నేను చెప్తున్నదీ అదే.

పేపర్లు ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, నాది ఎందుకు తప్పయింది?"

"ఎఱుకు అంటే కిరాతకుడు. గైడ్ చూడలేదా?"

"సూసిన మేడం. కానీ మా ఇంట్ల ఎర్క అంటే తెలుసని. ఎర్క లేదంటే తెల్వదని. మా నాయనకు అడవంతా ఎర్క."

"అది వేరే మాటమ్మా. పద్యంలో అర్థం వేరు."

ఆమె బల్ల మీద పడి ఉన్న ఆ రోజు దినపత్రిక తీసుకుంది. మొదటి పేజీలో ఎక్కడో భార్యని నరికి చంపినవాడి వార్త. దాని మీద పెద్ద అక్షరాలతో "కిరాతకుడు" అని ఉంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"గిసొంటోడా మేడం? రాజు గుర్రం దిగి గిసొంటోన్ని దారి అడిగిండా?"

పక్కనే కూర్చున్న లెక్కల మేడం కిసుక్కున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎదురు మాట్లాడటం నేర్చావు, పో, క్లాసుకి పో" అని కసిరాను. ఆ పిల్ల వెళ్లిపోయింది. తన జవాబు పేపర్ మాత్రం నా బల్ల మీదే పెట్టి వెళ్లింది, అది మీ దగ్గరే ఉంచుకోండి అన్నట్టు.

కోపం కాస్త దిగాక ప్రశ్న మిగిలింది. దారి తప్పిన మనిషి హంతకుడి దగ్గరికి వెళ్లి, గుర్రం దిగి, దారి అడుగుతాడా? పదిహేనేళ్లు చెప్పానే, ఒక్కసారైనా నాకెందుకు తోచలేదు? లైబ్రరీకి వెళ్లాను. మా లైబ్రరీలో చెదలు తినగా మిగిలిన పాత నిఘంటువు ఒకటి ఉంది, ఎవరూ ముట్టుకోరు. పేజీలు విరిగిపోకుండా తిప్పుతూ వెతికాను. "ఎఱుకు" దగ్గర "కిరాతుడు" అని ఉంది. కిరాతుడు! కిరాతకుడు కాదు. "కిరాతుడు" దగ్గర చూస్తే, కొండల్లో, అడవుల్లో వేటాడి బతికేవాడు అని ఉంది. క్రూరుడని లేదు, పాపి అని లేదు, హంతకుడని అంతకన్నా లేదు. బతుకుతెరువు చెప్పి ఊరుకున్నాడు ఆ నిఘంటుకారుడు.

మధ్యలో "క" ఒకటి ఎప్పుడో, ఎవరి చేతిలోనో వచ్చి చేరింది. గైడ్ రాసినాయన చేర్చాడో, ఆయన కన్నా ముందు పత్రికలవాళ్లు చేర్చారో నాకు తెలియదు. ఆ ఒక్క అక్షరంతో వేటగాడు హంతకుడైపోయాడు. నేను ఎర్ర పెన్నుతో ఆ హంతకుణ్ని ఒక అడవి పిల్ల పేపర్ మీద దిద్దాను. సిగ్గేసింది. కానీ దాచుకోకుండా చెప్తాను, సిగ్గు కన్నా ముందు పట్టరాని సంతోషం వచ్చింది. పదిహేనేళ్లుగా తాళం వేసి ఉన్న గది తలుపు ఎవరో తన్ని తెరిచినట్టుంది! లైబ్రరీ నుంచి స్టాఫ్ రూముకి దాదాపు పరుగెత్తాను. లెక్కల మేడం గాభరాగా లేచి, "ఏంది, రిజల్ట్ వచ్చిందా?" అంది.

"వచ్చింది. నేను ఫెయిల్."

ఆ సాయంత్రం నుంచి నాకు ఇంకో పని లేకుండా పోయింది. పత్రిక తెరిస్తే "ఆటవిక చర్య" కనపడుతుంది. టీవీ పెడితే "ఇది ఆటవిక రాజ్యమా" అని ఎవరో అరుస్తున్నారు. ఆటవికం అంటే అడవికి చెందినదని మాత్రమే కదా! అడవిలో ఎవరు ఎవర్ని ఏం చేశారని ఈ తిట్టు పుట్టింది? ఇవన్నీ పోనీ అనుకుంటే, నా సంగతే గుర్తొచ్చింది. క్లాసులో గోల చేస్తే నేను అరిచే అరుపు ఒకటుంది. "ఏంటే ఆ గోల, అడవిలో పుట్టారా?" అంటాను. సగం క్లాసు నిజంగానే అడవిలో పుట్టింది. ఆ సగమే ముందు నోరు మూసుకునేది. క్రమశిక్షణ అనుకునేదాన్ని.

పాత కావ్యాల్లో పాతకాలపు చిన్నచూపు ఉంటుందని, మనం చదువుకున్నవాళ్లం కాబట్టి దాన్ని దాటి వచ్చామని అనుకుంటాం. నేనూ అలాగే పాఠం చెప్పేదాన్ని, కవి మీద జాలిపడుతూ. తీరా చూస్తే ఈ పద్యంలో కవి ఆ మనుషుల ముందు రాజుని గుర్రం దింపాడు. మనమే వాళ్లని హంతకులుగా దిద్దుకున్నాం. అలా అని కవిని నెత్తిన పెట్టుకోను. దానికి ముందు పద్యంలోనే వాళ్ల ఒంటి రంగుని మసితో పోల్చి వెక్కిరించాడు మహానుభావుడు. ఆ వెక్కిరింతకి మాత్రం కొత్త అర్థం రాయాల్సిన పనిలేదు. మొన్న మా బంధువుల పెళ్లిచూపుల్లో "పిల్ల రంగు తక్కువ కదా" అన్న మాటకి, ఆ పద్యానికి ఛందస్సు ఒక్కటే తేడా. మనకు నచ్చిన తప్పుని అలాగే అట్టిపెట్టుకున్నాం, కవి ఇచ్చిన మర్యాదని మాత్రం మార్చేశాం. ఇదంతా కళ్ల ముందు తేటతెల్లమవుతుంటే నిద్రపడుతుందా!

మర్నాడు క్లాసులో నిలబడి, "ఎఱుకువారికి నేను చెప్పిన అర్థం తప్పు" అన్నాను. ఆ అమ్మాయి పేపర్ అందరి ముందూ దిద్ది, కొట్టేసిన మార్కు వేశాను. "ఎఱుకు, ఎరుక ఒక్క మాట నుంచే పుట్టాయో లేదో పండితులు తేల్చాలి, నాకు తెలియదు. కానీ ఈ పద్యంలో ఆమె రాసిన అర్థమే అతుకుతుంది" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. ఆమె నవ్వుతుందని ఆశపడ్డాను, నవ్వలేదు.

క్లాసు బయట ఆ మార్కు చెల్లదని ఆమెకి ముందే తెలుసేమో, నాకు వారానికి తెలిసింది. భద్రాచలంలో పద్యపఠనం పోటీ ఉంది. పద్యం రాగయుక్తంగా చదివి, భావం చెప్పాలి. మొదటి బహుమతి వచ్చినవాళ్లే హైదరాబాదులో పెద్ద పోటీకి వెళ్తారు. ఆ అమ్మాయి ఖమ్మం దాటి ఎరగదు. హైదరాబాదు స్టేజీ మీద పాడాలని ఎంత ఆశో, హాస్టల్ అంతా చెప్పుకునేది. మా కాలేజీకి లాటరీలో ఈ పద్యమే వచ్చింది, రాజు దారి అడిగే పద్యం. నేను ఎగిరి గంతేశాను. దాంతోపాటు నిర్వాహకులు పంపిన కాగితం చూసి చతికిలబడ్డాను. భావం అందులో అచ్చువేసి ఉంది. "కిరాతకులు" అనే ఉంది.

నిర్వాహకుల్లో ఒకాయనకి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "షీట్ల ఉన్నదే ప్రమాణం మేడం. భావానికి సగం మార్కులు. నేను మార్చలేను" అన్నాడు.

ఆ అమ్మాయిని పిలిచి కాగితం చూపించాను.

"నేను పోను మేడం" అంది వెంటనే.

"ఎందుకు? నీ అర్థమే చెప్పు."

"మార్కులు పోతయి కద."

"అయితే షీట్‌లో ఉన్నదే చెప్పు. గెలిచి హైదరాబాదు పో. అక్కడ మన అర్థం చెబుదాం."

ఎంత తెలివిగా చెప్పానో అనుకున్నాను. ఆమె నా వంక సూటిగా చూసింది.

"మా నాయన వస్తనంటుండు మేడం. నేను స్టేజి మీద పాడంగ ఆయన ఎన్నడు సూడలే. ఆయన ముంగట నిలబడి, మా అసొంటోళ్లు కిరాతకులు అని నేనే చెప్పాల్నా?"

రెండు దారులూ ఆమెవే, రెండింట్లోనూ ఏదో ఒకటి పోతుంది. నా ఉత్సాహానికి పోయేదేముంది? నాకు ఉద్యోగం ఉంది, జీతం ఉంది, హైదరాబాదు చూసి చూసి విసుగెత్తింది. ఒక పిల్లకి జీవితంలో ఒకసారి వచ్చిన అవకాశాన్ని నా నిఘంటువు పిచ్చికి బలిపెడుతున్నానా అని మొదటిసారి భయమేసింది. "నువ్వేం చెప్పినా నాకు సరే. ఏం చెప్పాలో అక్కడికి వెళ్లాకే తేల్చుకో" అని మాత్రం అన్నాను. ఆమె మూడు రోజులు ఆలోచించుకుని, పోటీకి వస్తానంది. ఏం చెప్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగకుండా ఉండటానికి నాలుక కరుచుకోవలసి వచ్చింది.

పోటీ రోజు పొద్దున్నే బస్సెక్కాం. ఆమె కిటికీ దగ్గర కూర్చుని పద్యం లోలోపల పాడుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. ముందు బొగ్గు లారీ ఒకటి పోతుంటే దాని వెనకాలే గంటసేపు నత్తనడక నడిచాం. నేను డ్రైవర్ని తిట్టుకుంటున్నాను, లారీని తిట్టుకుంటున్నాను.

బూర్గంపాడు దగ్గర వాళ్ల నాన్న ఎక్కాడు. మిర్చి ఏరడానికి కూలికి వచ్చి పదిహేను రోజులుగా అక్కడే చేల దగ్గర ఉంటున్నాడట. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, మడతల గీతలు ఇంకా పోలేదు. చేతులు మాత్రం మిర్చి ఘాటుకి మండుతున్నట్టున్నాయి, ఊరికే ఊదుకుంటున్నాడు. నాకు నమస్కారం పెట్టి, కూతురి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెలుగు లెక్చరర్‌నని చెప్పుకునే నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, పరీక్ష హాల్లో పక్కవాళ్ల పేపర్ చూసే పిల్లలా.

"ఏమంటున్నాడు మీ నాయన?"

"పద్యం దేని గురించని అడుగుతుండు. రాజు అడవిల తప్పిపోయిండని చెప్పిన."

"ఇంకా?"

"దారి ఎవరు సూపెట్టిన్రు అంటుండు. ఇంక చెప్పలే మేడం."

వంతెన మీదికి రాగానే ఆయన కిటికీలోంచి గోదావరికి దణ్ణం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి పెట్టుకోలేదు. ఆమె పెదాలు ఇంకా పద్యంలోనే ఉన్నాయి.

హాలు నిండిపోయింది. ముందు వరసలో ముగ్గురు జడ్జీలు, మధ్యలో కూర్చున్న పెద్దాయన రిటైరైన తెలుగు పండితుడు. వాళ్ల నాన్న నా పక్కన కూర్చోనన్నాడు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎంత చెప్పినా వినలేదు. మా అమ్మాయి వంతు తొమ్మిదోది.

పాడింది! ఎలా పాడిందో నేను రాయలేను. రాజు దారి అడిగే చోట గొంతు దించింది, అది నేను నేర్పలేదు. నేను అక్కడ గొంతెత్తి చదవమని నేర్పాను, రాజు కదా అని. అడిగేవాడు గొంతు దించుతాడని ఆమెకి తోచింది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. ఆ పండితుడు కళ్లు మూసుకుని చెయ్యి ఊపుతున్నాడు. ఇదే మొదటి బహుమతి, ఇంకెవరికీ రాదు అని నా ఒళ్లంతా చెప్తోంది. ఇప్పుడు భావం.

ఆమె మైకు ముందు ఆగింది. అప్పటికప్పుడు నాకు నిజంగా ఏం కావాలో చెప్పనా? ఆమె షీట్‌లో ఉన్నదే చెప్పాలని కోరుకున్నాను. అవును, నేనే. ఆ పాట విన్నాక నాకు ఆమెని హైదరాబాదు పంపాలనిపించింది, అర్థం గిర్థం తర్వాత చూసుకోవచ్చు అనిపించింది. పదిహేనేళ్ల తప్పుని దిద్దుకుని పట్టుమని నెల కూడా కాలేదు.

"ఎఱుకువారు, అంటే అడవిని ఎరిగినవారు" అంది. "వారిని చూసి, దారి తప్పిన రాజు గుర్రం దిగి, అయ్యా నాకు దారి తెలియదు, మీకు తెలుసు, చెప్పండి అని అడిగినాడు."

పెద్దాయన కళ్లు తెరిచాడు. చేతిలో కాగితం చూసుకున్నాడు.

"అమ్మాయ్, ఎఱుకువారు అన్న దగ్గర భావం మళ్లీ చెప్పు."

మంచాయనే. దిద్దుకోమని అవకాశం ఇస్తున్నాడు. హాలంతటికీ అర్థమైంది. ఆమె ఇంకొంచెం గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, అదే చెప్పింది.

"ఈ అర్థం ఎవరు చెప్పారు నీకు?"

"మా ఇంట్ల గిట్లనే అంటం సార్" అంది.

హాల్లో నవ్వులు. ఇక నేను కూర్చోలేకపోయాను. లేచి నిలబడి అరిచాను, అరవడం నాకు అలవాటే. "సార్, నేను ఆమె టీచర్ని. నేను తప్పు చెప్పాను. ఆమే నాకు సరిగ్గా చెప్పింది. మీ షీట్‌లో 'క' ఎక్కువ పడింది, కిరాతుడు కావాలి. నిఘంటువు చూడండి!"

పెద్దాయన అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "కిరాతుడే. మీరన్నది నిజం. ఈ పద్యానికి అమ్మాయి మాట నప్పింది కూడా. కానీ నేను మార్కులు వేయాల్సింది ఈ కాగితం చూసి" అన్నాడు. అని, కాగితం బల్ల మీద బోర్లించాడు. మార్కులు మాత్రం కాగితం ప్రకారమే వేశాడు.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయికి. బాగా పాడింది, కాదనను. పుస్తకాల కట్ట చేతిలో పట్టుకుని మా అమ్మాయి మెట్లు దిగుతుంటే కళ్లు నిండి ఉన్నాయి. "సారీ మేడం" అంది. సారీ నాకు చెప్తోంది! ఆమెని దగ్గరికి తీసుకుంటే నాకూ ఏడుపొచ్చింది, అందులో సగం బాధ, సగం గర్వం.

హాలు బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. వాళ్ల నాన్న కూతురి తల మీద చెయ్యి పెట్టి తీశాడు. ఆ పుస్తకాల కట్ట తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా నేనే ఏదేదో మాట్లాడుతున్నాను, మళ్లీ ఏడు పోటీ ఉంటుందని, అప్పటికి నిర్వాహకులకి ఉత్తరం రాస్తానని. ఆయన వింటున్నట్టే తలూపి, మధ్యలో నెమ్మదిగా అడిగాడు.

"మేడం, నాకొకటి చెప్పున్రి. ఆ రాజు ఇల్లు చేరిండా?"

"చేరాడు అన్నా. మీవాళ్లు దారి చూపించారు కదా."

"అవ్, అవ్. మల్ల ఎన్నడన్న వచ్చిండా మావోళ్ల దగ్గరికి?"

నేను ఆలోచించాను. ఆ కావ్యంలో ఆ తర్వాత పెళ్లి ఉంది, యుద్ధం ఉంది, పట్టాభిషేకం ఉంది. పట్టాభిషేకానికి ఏయే దేశాల వాళ్లు వచ్చారో కవి ఒక్కొక్కరినీ పేరు పేరునా చెప్పాడు. దారి చూపినవాళ్ల మాట మళ్లీ ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ పాఠం చెప్పాను, నాకు ఆ ప్రశ్న కూడా రాలేదు. ఆ అమ్మాయి నా జవాబు కోసం చూస్తోంది.

"లేదన్నా" అన్నాను. "మళ్లీ రాలేదు."

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగి, కూతురి వైపు చూసి నవ్వాడు.

"వస్తడు తియ్ మేడం. మల్ల తప్పిపోతడు కద."